పొగ బయట, పరిమళం లోపల

(హుకుంపేటలో డిసెంబరు 17న జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పెన్షను సర్కారువారు దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ తీర్పు గురించీ, కరువు భత్యం గురించీ, వైద్య బిల్లుల గురించీ నాకంటె బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం, "గురువుగారూ, మీరు ఇంట్లో ఆడవారికీ మగవారికీ పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అని పురమాయించారు. నేను డాక్టరును కాను, పండితుణ్ణి కాను. సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో మండలాలు వచ్చాక మండలాఫీసులో ఫైళ్ళు రాసి రిటైరైనవాణ్ణి. అయినా ఒక విషయం మీద కొంత చదివాను, కొంత విన్నాను, కొంత ఇంట్లోనే చూశాను. అది ధూపం.

ధూపం గురించి పెన్షనర్ల సభలో చెప్పడమేమిటని అనుకోవద్దు. ఇది మార్గశిర మాసం. గురువారాలు ఇంటింటా లక్ష్మీపూజలు, ధూపదీపాలు. వారం దాటితే క్రిస్మసు, ఆ వెనక సంక్రాంతి. పైగా ఈ కొండల్లో చలికి సాయంత్రం అయిదింటికే తలుపులు మూసేస్తాం. మూసిన ఇంట్లో ధూపం వేస్తాం. ఆ ఇంట్లోనే ఆయాసంతో ఉన్న మనమూ ఉంటాం, పసిపిల్లలూ ఉంటారు. అందుచేత ఈ మాట ఈ నెలలోనే చెప్పుకోవలసినది.

మా చిన్నల్లుడు మస్కట్‌లో పనిచేస్తున్నాడు. మొన్న సెలవుకు వచ్చినప్పుడు రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకదానిలో పసుపు, తెలుపు కలిసిన బంక ముక్కలు, పటికబెల్లం చితక్కొట్టినట్టున్నాయి. రెండో దానిలో నల్లగా, జిడ్డుగా ఉన్న చెక్క పేళ్ళు. "మామయ్యగారూ, మొదటిది లుబాన్, రెండోది బఖూర్. అక్కడ ఏ ఇంటికి వెళ్ళినా ఈ వాసనే" అన్నాడు. మా ఇంటావిడకు ఉబ్బసం. డబ్బా మూత తీయగానే వాసనకు ఆమె మొహం విప్పారింది. మరుక్షణమే, "ఏమండీ, ఇది వెలిగిస్తే నేనుండగలనా?" అని అడిగింది. నేనిక్కడ చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబే. ముందు వస్తువేదో తెలుసుకుందాం, తరువాత వాడుక చూద్దాం.

లుబాన్ అంటే అరబ్బు దేశపు సాంబ్రాణి. ఆ మాటకు మూలం తెలుపు, పాలు అనే అర్థం. ఒమన్ దేశానికి దక్షిణాన ధోఫార్ అనే సీమ ఉన్నది. అక్కడి ఎండు కొండల్లో మనిషి రెండెత్తులుండే పొదలాంటి చెట్లు పెరుగుతాయి. వాటి బెరడును చిన్న కత్తితో చెక్కితే పాలలాంటి జిగురు చుక్కలు చుక్కలుగా ఊరుతుంది. దాన్ని రెండు వారాల దాకా ఎండనిచ్చి గోకి తీస్తారు. అదే లుబాన్. ఎమెన్‌లోనూ, సముద్రానికి అవతల సోమాలియాలోనూ ఆ జాతి చెట్లున్నాయి. ఆ ధోఫార్ చెట్లనూ, సరుకు ఓడలకెక్కిన పాత రేవులనూ 2000లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. ఏసుక్రీస్తు పుట్టినప్పుడు తూర్పుదేశపు జ్ఞానులు తెచ్చిన కానుకల్లో ఒకటి ఇదే. మన తెలుగు బైబిలులో దీన్ని సాంబ్రాణి అనే రాశారు. దానితోపాటు వచ్చిన బోళం కూడా ఆ సీమల చెట్టు బంకే.

ఇక బఖూర్. అది ఒక చెట్టు పేరు కాదు, తయారుచేసిన ధూపద్రవ్యం. అగరు చెక్క పేళ్ళను, లేదా చెక్కపొడిని, అత్తరు నూనెల్లో నానవేసి గంధం, గులాబి, కస్తూరివంటి వాసనలు కలిపి చేస్తారు. అసలు అగరు చెక్కను వారు ఊద్ అంటారు. మన పచారీ కొట్లలో ఊదువత్తులు అని అడుగుతాం కదా, ఆ ఊదు ఈ ఊదే. అగరువత్తి అంటే సంస్కృతం, ఊదువత్తి అంటే అరబ్బీ, వస్తువు ఒక్కటే. ఇందులో తమాషా ఏమంటే, అరబ్బుల ఇళ్ళలో గుబాళించే ఆ అగరు ఎడారిలో పుట్టదు. మన అస్సాం మొదలుకొని మలయా, ఇండోనేషియా దాకా ఉన్న వానల అడవుల్లో పుడుతుంది. ఆ చెట్టుకు బూజు తగిలి లోపలి చెక్క జబ్బుపడితే, తన్ను కాపాడుకోవడానికి చెట్టు ఒక నల్లటి జిగురును ఊరుస్తుంది. పరిమళమంతా ఆ జిగురుదే. ఆరోగ్యంగా ఉన్న చెట్టు చెక్కకు వాసనే లేదు. దాని కోసం చెట్లను విపరీతంగా నరికేస్తున్నారని 1995 నుంచి అస్సాం జాతి అగరు మీదా, 2005 నుంచి మిగతా అగరు జాతుల మీదా అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రాల నియమం పెట్టారు. కాబట్టి చవకగా దొరికే ఊద్ చాలావరకు మామూలు చెక్కకు సెంటు పట్టించినదే అనుకోవాలి.

అలాగని మన సాంబ్రాణి ఎక్కడిదంటే, అదీ మన ఊరిది కాదు. కొట్లో లోబాను అని ఇచ్చే మంచి సాంబ్రాణి సుమత్రా దీవి చెట్టు బంక. అరబ్బు వర్తకులు దాన్ని 'లుబాన్ జావీ', అంటే జావా లుబాన్, అన్నారు. ఆ మాటే ఐరోపావారి నోట నలిగి బెంజాయిన్ అయింది. జలుబు చేస్తే వేడినీళ్ళలో వేసి ఆవిరి పట్టమని డాక్టర్లు రాసే టింక్చర్ బెంజాయిన్ ఆ సాంబ్రాణి ద్రావకమే.

మరి మనదంటూ ఏదీ లేదా? ఉన్నది. గుగ్గిలం. అది సాలవృక్షపు బంక. ఈ అనంతగిరి, అరకు కొండలు, శ్రీకాకుళం జిల్లా అడవులు సాలవృక్షం దక్షిణాన పెరిగే చివరి హద్దుల్లో ఉన్నాయి. పక్కనున్న ఒడిశావారు దీన్నే ఝుణా అని దేవుడి ముందు వేస్తారు. లుబాన్ చెట్టుకు అచ్చమైన చుట్టాలు కూడా మన రాష్ట్రంలో ఉన్నాయి. పొడి అడవుల్లో పెరిగే అందుగు చెట్టు ఆ కుటుంబమే. శేషాచలం కొండల్లో కనిపించే కొండ సాంబ్రాణి చెట్టూ ఆ కుటుంబమే, అది తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. అంటే మస్కట్ డబ్బా మన ఇంటికి పరాయి చుట్టం కాదు. దూరపు దాయాది.

ఈ రాకపోకలు నిన్న మొన్నటివి కావు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎర్రసముద్రపు యాత్రాగ్రంథం, పెరిప్లస్, అరేబియా తీరపు ధూపపు రేవులను వర్ణించింది. మన మచిలీపట్నం ప్రాంతాన్ని మసాలియా అని పేర్కొని, అక్కడ నేత బట్టలు విస్తారమని చెప్పింది. 13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో గంధానికి, కర్పూరానికి, పన్నీటికి ఎంతెంత సుంకమో పట్టీ ఉన్నది. గుమాస్తాను కదా, ఆ పట్టీ సంగతి చదివినప్పుడు ఏడు వందల ఏళ్ళ కిందటి ఏ సుంకం గుమాస్తా ఆ సువాసనల మధ్య కూర్చుని లెక్కలు రాశాడో అనిపించింది. మన ఆఫీసుల్లో మనకు దక్కింది ట్రెజరీ సంచులకు సీలు వేసేటప్పుడు కాగే లక్క వాసన!

హైదరాబాదులో బార్కాస్ అనే పేట ఉన్నది. నిజాం సైన్యంలో కొలువుచేయడానికి ఎమెన్‌లోని హద్రమౌత్ సీమ నుంచి వచ్చిన అరబ్బుల సంతతివారు అక్కడ స్థిరపడ్డారు. బారక్సు అన్న మాటే బార్కాస్ అయింది. అక్కడా, చార్మినారు చుట్టుపక్కల అత్తరు కొట్లలోనూ ఈ ఊద్, బఖూర్ ఈనాటికీ దొరుకుతాయి. అంతదూరం ఎందుకు, మన విశాఖపట్నం పాతరేవు దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదానిపై మేరీమాత చర్చి, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి. మూడు చోట్లా ధూపం మామూలే. దేవుడి పేరు మారినా నిప్పు మీద పడే బంక మారలేదు.

ఇక అరబ్బులు ఇంట్లో దీన్ని ఎలా వాడతారో అల్లుడు చెప్పినదీ, చదివినదీ కలిపి మనవి చేస్తాను. వారి ధూపపాత్రను మబ్ఖరా అంటారు. మట్టిదో లోహందో, మన ధూపపు గరిటెకు కాళ్ళు వచ్చినట్టుంటుంది. భోజనాలయ్యాక, కాఫీలయ్యాక దాన్ని అతిథుల మధ్య తిప్పుతారు. ఒక్కొక్కరు చేత్తో ఆ ధూపాన్ని గడ్డానికి, బట్టలకు పట్టించుకుని పక్కవారికి అందిస్తారు. బఖూర్ తిరిగిందంటే మర్యాద ముగిసినట్టే, ఇక అతిథి లేవవచ్చునని సంకేతం. మనం తాంబూలం ఇచ్చినట్టన్న మాట. బట్టలకు వాసన పట్టించాలంటే, ఈతమట్టలతోనో కర్రలతోనో చేసిన చట్రం కింద మబ్ఖరా పెట్టి పైన బట్టలు ఆరవేస్తారు.

ఈ మాట వినగానే మా ఇంటావిడ, "మా అమ్మ చేసిందదే కదండీ" అన్నది. నిజమే. బాలింతకు తలంటి పోశాక నిప్పుల కుంపటిలో సాంబ్రాణి వేసి, మీద గంప బోర్లించి, జుట్టు దానిమీద పరిచి ఆరబెట్టేవారు. పసిబిడ్డ పొత్తిగుడ్డలకు కూడా అలాగే వాసన పట్టించేవారు. ఈ రెండు ఆచారాల్లోనూ గమనించవలసినది ఒకటే. పొగ ఊపిరికోసం కాదు. బట్టకోసం, జుట్టుకోసం. పీల్చవలసినది తరువాత మిగిలే పరిమళాన్ని. ఇల్లంతా మేఘం కమ్మినట్టు పొగపెట్టి, కళ్ళు మండి, దగ్గు వచ్చి, "ఆహా, బాగా వేశాం ధూపం" అనుకోవడం ఈ మధ్య అలవాటు. కప్పు సాంబ్రాణి వచ్చాక అది మరీ ఎక్కువైంది. కప్పు మొత్తం కాలేదాకా ఆగదు కదా.

పొగ విషయంలో పరీక్షలు ఏమి చెబుతున్నాయో రెండు ముక్కలు. సింగపూరులో 61,320 మంది చైనీయులను ఏళ్ళ తరబడి గమనించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. దీర్ఘకాలం ఇంట్లో ధూపం బాగా వాడినవారిలో శ్వాసమార్గపు పైభాగంలో వచ్చే కాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. ఊపిరితిత్తుల కాన్సరు మాత్రం మొత్తం మీద పెరిగినట్టు తేలలేదు. 2013లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంవారు గల్ఫు ఎమిరేట్లలో ఇళ్ళలో వాడే ధూపాలను బొగ్గుమీద కాల్చి పరీక్షించారు. ఆ పొగలో సన్నని ధూళి, కార్బన్ మోనాక్సైడు, ఫార్మాల్డిహైడు ఉన్నాయనీ, అది ఊపిరితిత్తుల కణాల్లో వాపు పుట్టిస్తుందనీ తేల్చారు. పవిత్రమైన పొగ, అపవిత్రమైన పొగ అని ఊపిరితిత్తులకు తెలియదు. పైగా మన ఏజెన్సీ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళు. వారి ఖాతాలో పొగ ఇదివరకే చాలా జమ అయింది.

అయితే ధూపం మానేయాలా? నేను అలా చెప్పడం లేదు. అమ్మ చీరలో మిగిలిన సాంబ్రాణి వాసన, మోదకొండమ్మ జాతరలో ధూపం వాసన, వీటిని వదులుకోమని ఏ డాక్టరూ చెప్పనక్కరలేదు. డెబ్బై దాటినవారికి పాత వాసనే పాత మనుషులను తెచ్చి ఎదట కూర్చోబెడుతుంది. కావలసినది కొలత, పద్ధతి. ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఇన్‌వర్డు ఉన్న ప్రతి కాగితానికీ ఔట్‌వర్డు ఉండాలి. లోపలికి వచ్చిన పొగకు బయటికి దారి ఉండాలి. మా ఇంట్లో మేము పాటిస్తున్న పద్ధతిని సర్క్యులరు మాదిరిగా వరుసపెట్టి చెబుతాను.

ఒకటి. ధూపం వరండాలోనే, పెరట్లోనే. నిప్పు బాగా రాజుకుని, మీద తెల్లటి బూడిద కమ్మేదాకా ఆగాలి. ఎర్రగా మండే నిప్పు మీద వేస్తే బంక మాడి కంపు కొడుతుంది, పొగా ఎక్కువ. బూడిద పొర మీద వేస్తే మెల్లగా కరిగి వాసన ఇస్తుంది.

రెండు. లుబాన్ అయితే శనగగింజంత, బఖూర్ అయితే గోరంత చాలు. చారెడు వేస్తే వాసన రెట్టింపు కాదు, పొగ మాత్రమే రెట్టింపవుతుంది.

మూడు. దండెం మీద నూలు దుప్పటో, శాలువో, తువ్వాలో వేసి, కింద దూరంగా ధూపం పెట్టి, పది నిమిషాలు దగ్గరే కాపలా ఉండాలి. పాలియెస్టరు, నైలాను బట్టలు ఎంతమాత్రం వద్దు. నిప్పురవ్వ తగిలితే అంటుకుంటాయి. మనవలను అటు రానివ్వవద్దు.

నాలుగు. పొగ పూర్తిగా ఆగాక బట్టలు గాలికి కాసేపు విదిలించి లోపలికి తేవాలి. గది మూల శాలువా వేలాడదీస్తే రాత్రంతా మెత్తటి వాసన ఉంటుంది. మా ఇంటావిడకు ఇలాగైతే దగ్గు రాలేదు. కాని అందరి ఆయాసం ఒకటి కాదు. కొందరికి వాసన కూడా పడదు. అటువంటివారు ఇంట్లో ఉంటే వారి మాటే చెల్లాలి. వారికి మరువం, దవనం, మల్లెదండ ఉన్నాయి కదా.

అయిదు. ఇది అన్నింటికన్నా ముఖ్యం. బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టుకుని పడుకోవద్దు. ధూపానికైనా సరే, చలి కాచుకోవడానికైనా సరే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. దగ్గు కూడా రానివ్వదు. తల బరువెక్కి, నిద్రలోనే మనిషి పోతాడు. పొగ కనబడడం లేదు కదా అని ధైర్యపడవద్దు. ఈ కొండల చలిలో ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే ఈ రోజు నా ప్రసంగానికి అదే చాలు.

ఆరు. ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ సిలిండరో, ఆక్సిజన్ మిషనో ఉంటే ఆ ఇంట్లో నిప్పు, వత్తి, ధూపం ఏదీ వెలిగించవద్దు. అక్కడ నిప్పురవ్వ చాలా ప్రమాదం.

ఏడు. ధూపం దోమలను చంపుతుందని దోమతెర తీసేయవద్దు. మన ఏజెన్సీకి మలేరియా కొత్తకాదు. పొగ వల్ల దోమ కాసేపు పక్కకు పోతుందేమో, తెల్లవారేదాకా కాపాడేది దోమతెరే.

చివరగా ఈ పరిమళం వెనకున్న చెట్టు గురించి, చేతుల గురించి ఒక మాట. ఆఫ్రికాలో ఇథియోపియా తదితర దేశాల్లో లుబాన్ జాతి చెట్లకు ఆగకుండా గాట్లు పెట్టడం, మంటలు, పశువులు మొలకలను మేసేయడం వల్ల కొత్త చెట్లు ఎదగడం లేదనీ, ఇరవై ఏళ్ళలో అక్కడి దిగుబడి సగానికి పడిపోవచ్చుననీ 2019లో శాస్త్రవేత్తలు హెచ్చరించారు. ఇది మన కొండలవారికి కొత్త పాఠం కాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు తపసి బంక అమ్మే గిరిజన సోదరులకు తెలుసు, లోతుగా గాటు పెడితే ఆ ఏడు బంక ఎక్కువ వస్తుంది, చెట్టు మాత్రం పోతుంది. చెట్టును బతకనిచ్చి బంక తీయడమే పనితనం. సాలవృక్షపు గుగ్గిలానికీ అదే నియమం.

అలాగే గల్ఫు నుంచి వచ్చే ఆ డబ్బా. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్, మస్కట్ వెళ్ళి పరాయి ఇళ్ళలో పనిచేసే ఆడపడుచులు ఎందరో ఉన్నారు. యజమానుల అతిథులకు మబ్ఖరా సిద్ధంచేసే చేతుల్లో వారి చేతులూ ఉన్నాయి. సెలవుకు వచ్చేటప్పుడు అదే పరిమళాన్ని చిన్న డబ్బాలో తల్లిదండ్రులకు తెస్తారు. అది ఖరీదైన వస్తువని అల్మరాలో దాచిపెట్టవద్దు. వాసన ఎగిరిపోతుంది. పడదని వారి ఎదట విసుక్కోనూ వద్దు. వరండాలో గోరంత వెలిగించి, ఆ బిడ్డ తెచ్చిన తువ్వాలుకే వాసన పట్టించి, భుజాన వేసుకుని నలుగురిలోకి వెళ్ళండి. పెద్దవాళ్ళం మనం వారికివ్వగల మర్యాద అది.

మన పెన్షను హక్కు అని కోర్టువారు చెప్పారు. ఊపిరి కూడా ఇంట్లో ప్రతి ఒక్కరి హక్కు. పూజ మీది, అతిథి మర్యాద మీది, సరదా మీది. పక్క మంచం మీద పడుకున్నవారి ఊపిరి మాత్రం వారిది. ఈ రెండూ ఇరుకునపడకుండా ఉండాలంటే దారి ఒక్కటే, పొగను బయటే వదిలి పరిమళాన్ని లోపలికి తెచ్చుకోవడం.